ఆర్విడ్ గారి ఫర్నేస్ వైద్యం

మధ్యాహ్నం ఒంటిగంటకి కూతురు కిర్‌స్టెన్ నెలబిడ్డను తీసుకుని వస్తుంది. మనవరాలిని అందరికంటే ముందు తనే ఎత్తుకోవాలి. ఆ శనివారం ఉదయం ఆర్విడ్ వేసుకున్న పథకం ఇంతే. ఇందుకోసం వారం రోజులుగా పది పౌన్ల మైదాపిండి సంచిని భుజాన వేసుకుని, తల కింద చెయ్యి పెట్టి, హాల్లో పచార్లు చేస్తున్నాడు. సంచికి తల ఎటువైపో ఆయనకే తెలియాలి.

లేచేసరికి ఇల్లు మంచుగడ్డలా ఉంది. బయట డలూత్ ఊరి జనవరి చలి, సున్నాకి ఇరవై డిగ్రీలు కింద. ఇంటి వేడిని అదుపుచేసే గోడమీది థర్మోస్టాట్‌లో అంకె లేదు, వెలుగు లేదు.

"ఏవండీ, వెర్నాని పిలుద్దామా?" అంది మార్లిస్. పక్కింటి వెర్నా ముప్పై ఏళ్ళు ఇళ్ళను వెచ్చబెట్టే ఫర్నేసులు బాగుచేసి రిటైరైన మనిషి.

"ఈమాత్రం దానికి ఆవిడెందుకు? నేను లేనూ?"

అదే కదా బాధ అనుకుంది మార్లిస్.

ఆర్విడ్ నేలమాళిగలోకి దిగి ఫర్నేస్ తలుపు ఊడదీశాడు. ఆ తలుపు తీస్తే లోపలి మీట కరెంటును దానంతటదే ఆపేస్తుంది. ఆ సంగతి తలుపుమీదే ఎర్రక్షరాలతో రాసి ఉంది. ఆయన దాన్ని గోడవైపు తిప్పి ఆనించాడు. థర్మోస్టాట్‌ను నడిపే ఇరవైనాలుగు వోల్టుల చిన్న కరెంటు కోసం మీటర్ పెట్టి చూస్తే సున్నా.

"ట్రాన్స్‌ఫార్మర్ పోయింది!" అని, ఆ చిన్న కరెంటునిచ్చే పెట్టెను చూపిస్తూ ప్రకటించాడు.

కొట్టుకెళ్ళి కొత్తది తెచ్చి బిగించాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి మళ్ళీ సున్నాయే. పాడైన సరుకు అంటగట్టారని కొట్టువాణ్ణి తిట్టుకుంటూ వెళ్ళి ఇంకొకటి తెచ్చాడు. అదీ సున్నా. ఊళ్ళోని ట్రాన్స్‌ఫార్మర్లన్నీ చెడిపోయాయని తేల్చాడు గాని, తన తెలివిమీద మాత్రం అనుమానం రాలేదు. ఈలోగా ఇల్లు వెచ్చబడాలని రెండు హీటర్లు ఒకే ప్లగ్గుకు తగిలించాడు. టప్పున బ్రేకర్ పడి హాల్లో దీపాలు కూడా ఆరిపోయాయి.

అప్పుడే కిర్‌స్టెన్ ఫోను చేసింది. "నాన్నా, ఇల్లు వెచ్చగానే ఉందా? చలైతే పాపని తీసుకురాం."

"చెమటలు పడుతున్నాయమ్మా!" అన్నాడు ఆర్విడ్, రెండు స్వెట్టర్లమీద కోటు గుండీలు పెట్టుకుంటూ.

ఆయన అటూ ఇటూ పరుగులు పెట్టడం చూసి వెర్నా గుమ్మంలోకి వచ్చింది. "సాయం కావాలా అన్నయ్యా?"

"అబ్బే, వద్దమ్మా. అయిపోవచ్చింది."

"నిజంగానే? ఒక్కసారి చూసి పోనా?"

"ఎందుకులే, నీకు శ్రమ."

అక్కడి మర్యాద ప్రకారం రెండుసార్లు వద్దనాలి, మూడోసారి 'నువ్వంతగా అంటే సరే' అనాలి. ఆర్విడ్ ఆ మాట నాలుక చివర పెట్టుకుని నిలబడ్డాడు. వెర్నాకి చలేసింది.

"సరే అయితే," అని వెళ్ళిపోయింది.

"చూశావా, మర్యాద తెలియని మనిషి!" అని మండిపడ్డాడు ఆర్విడ్.

మార్లిస్ వాకిట్లోకి పోయి కేకేసింది. "వెర్నా! రావే తల్లీ! ఈయన్ని నమ్ముకుంటే మనవరాల్ని చూడకుండానే గడ్డకట్టిపోతాను!"

అంత నిస్సిగ్గుగా సాయం అడిగినందుకు ఆర్విడ్ తలెత్తుకోలేకపోయాడు.

వెర్నా నేలమాళిగలోకి దిగి, తలుపు మీటను వేలితో నొక్కి పట్టుకుని మీటర్ పెట్టింది. "మీ ట్రాన్స్‌ఫార్మర్ లక్షణంగా ఉంది. పాతదీ బాగానే ఉండుంటుంది. ఇదిగో, బోర్డుమీది ఈ చిన్న ఫ్యూజు మాడింది. ఎక్కడో తీగలు కలిశాయి. నిన్న గోడకేమన్నా కొట్టారా?"

మార్లిస్ ఆవిణ్ణి పైకి తీసుకెళ్ళి థర్మోస్టాట్ కిందికి వేలు చూపించింది. అక్కడ ఆర్విడ్ ఎప్పుడో పట్టి, గడ్డి కూరించి దాచుకున్న మూరెడు చేప వేలాడుతోంది. నెలబిడ్డ రాగానే తాత ప్రతాపం చూడాలని నిన్న ఆయనే తగిలించాడు. అంగుళం మేకు చాలే చోట మూడంగుళాలది దిగేశాడు. అది గోడలోని తీగను నడిమికి పొడిచింది.

"గురి బాగుందన్నయ్యా," అంది వెర్నా.

మేకు పీకి, తీగ అతికి, కొత్త ఫ్యూజు పెట్టి తలుపు మూసింది. ఫర్నేస్ గుర్రుమంది. ఒంటిగంటకి ఇల్లు వెచ్చగా ఉంది. భోజనానికి ఉండమంటే వెర్నా కూడా ఉండిపోయింది.

కిర్‌స్టెన్ దుప్పట్లు విప్పి బిడ్డను బయటికి తీసింది. "నాన్నా, ఎత్తుకుంటావా?"

ఆర్విడ్ గుండె గంతులేసింది. కానీ నోటికున్నది అరవైరెండేళ్ళ అలవాటు. "అబ్బే, ముందు మీరు కూర్చోండమ్మా."

"నిజంగా వద్దా?"

"ఎందుకులే, ఇప్పుడే కదా వచ్చారు," అంటూ చేతులు ప్యాంటుకు తుడుచుకుని, మూడోసారి కోసం ముందుకు చాచాడు.

"సరే అయితే," అని కిర్‌స్టెన్ బిడ్డను వెర్నా ఒళ్ళో పెట్టింది.

మార్లిస్ వంటింట్లోంచి పిండి సంచి తెచ్చి, చాచిన ఆ చేతుల్లో పెట్టింది.