వినియోగదారు తప్పిదం

ఈ జనవరి మొదటి శుక్రవారం సాయంత్రం, రియాద్ నగరంలో అబూ నాసిర్ గారి విల్లాలో ఒక పొయ్యికి ప్రారంభోత్సవం జరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. కాళ్ల కింద చమురున్న దేశంలో చలి కాచుకోవడానికి ఎక్కడో మంచు కొండల్లో చెట్లు కోసి, ఆ రంపపు పొట్టును గుళికలుగా అదిమి, సంచులకెత్తి, వాటిని కాల్చే పొయ్యితో సహా సముద్రం దాటించి తెచ్చారు. దూరదృష్టి అంటే అదీ.

ఆ సంచి విప్పిన మునిరత్నమ్మ మాత్రం కోళ్ల మేత అనుకుంది. ఆమె రాయచోటి పక్క పల్లె నుంచి వచ్చి నాలుగేళ్లుగా ఆ ఇంట్లో పని చేస్తున్న మనిషి. "కోళ్లు ఎప్పుడొస్తాయి మామా?" అని ఇంటావిడను అడిగింది కూడా; అక్కడ యజమానురాలిని పిలిచే పిలుపు అది. వారం రోజులు అందరూ నవ్వుకున్నారు.

పొయ్యికి తెర ఉంది, రిమోట్ ఉంది, ఫోన్‌లో యాప్ ఉంది. గుళికలు ఎంత జోరుగా పడాలో, గాలి ఎంత వీచాలో వేలితో తాకి శాసించవచ్చు. తన బూడిద తాను ఎత్తిపోసుకునే సదుపాయం ఒక్కటే లేదు. ఆ శాఖను మునిరత్నమ్మకు అప్పగించారు. బిగించడానికి వచ్చిన కంపెనీ టెక్నీషియన్ ఫారూఖ్ షరతు కూడా పెట్టాడు. "కింద డబ్బా వరకే తియ్యి అక్కా. లోపల చెయ్యి పెట్టకు. అంతా కంప్యూటర్ ఉంటది." ఫారూఖ్‌ది జగిత్యాల. ఆ నగరంలోనే సులై పేటలోని గోదాములో ఉద్యోగం. ఈ పొయ్యి మీద పద్నాలుగు రోజుల శిక్షణ పొందినవాడు.

అబూ నాసిర్ మజ్లిస్ గదిలో అతిథుల ముందు ప్రసంగించాడు. "మన తాతలు ఎడారిలో నిప్పుకు సేవ చేశారు. నేటి నుంచి నిప్పే మనకు సేవ చేస్తుంది. నా ఫోన్ చెప్పినట్టు వింటుంది!" అతిథులు మాషాల్లా అన్నారు.

నిప్పు మూడు రోజులు చెప్పినట్టే విన్నది. నాలుగో రోజు నుంచి దానికి చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. అబూ నాసిర్ ఆఫీసులో కూర్చుని గుళికల జోరు రెండు నుంచి ఐదుకు పెంచాడు. ఫ్యాను మోతలో ఆట వినబడటం లేదని కొడుకు నాసిర్ గాలిని ఒకటికి దించాడు. ఇంటావిడ ఉమ్ నాసిర్ ఉక్కపోస్తోందని ఏసీ వేయించింది. గది చల్లబడుతోందని ఫోన్ కబురు పెట్టగా అబూ నాసిర్ జోరు ఇంకా పెంచాడు. పరిపాలన అంటే ఎవరికి తోచింది వారు శ్రద్ధగా చేయడమే కదా.

వారం తిరిగేసరికి గాజు తలుపు మసిబారింది. మంట ఎర్రగా, బద్ధకంగా, తోక ఊపుతున్న ముసలి కుక్కలా తయారైంది. ఒక ఉదయం మజ్లిస్ నిండా పొగ కమ్మి, తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చి, పొయ్యి ఆగిపోయింది.

ఫారూఖ్ వచ్చాడు. మీటలన్నీ నొక్కాడు. కంపెనీ సెట్టింగులు మళ్లీ పెట్టాడు. పొయ్యి రాజుకుంది, మళ్లీ ఆగింది. దాంతో అతను నివేదిక రాశాడు: "కారణం, వినియోగదారు తప్పిదం."

వినియోగదారు ఎవరన్న విషయంపై కుటుంబం లోతుగా చర్చించింది. అబూ నాసిర్ యజమాని. నాసిర్ విద్యార్థి. ఉమ్ నాసిర్ గృహిణి. పొయ్యిని రోజూ చేత్తో ముట్టుకునేది మునిరత్నమ్మ ఒక్కతే. కనుక వినియోగదారు ఆమే.

విచారణ ముగిసేదాకా, ఊరికి పోయి రావడానికి యజమాని ఇప్పించాల్సిన ఆమె రీ-ఎంట్రీ కాగితం ఆపేశారు. పది రోజుల్లో ఆమె ఊరికి పోవాలి. కూతురు జయకు తొలి కాన్పు. ఎప్పుడు అడిగినా "బుక్రా, ఇన్షాల్లా" అనేవాడు అబూ నాసిర్. అంటే రేపు. ఆ రేపటికి తేదీ ఉండదని గల్ఫ్‌లో పనిచేసినవారికి చెప్పనక్కర్లేదు.

"అమ్మా, టిక్కెట్టు తీసినారా?" అని జయ ఫోన్‌లో అడిగింది.

"తీస్తా ఉండారు మ్మా," అంది మునిరత్నమ్మ.

ఫారూఖ్ రెండోసారి వచ్చి తెర ముందు కూర్చున్నప్పుడు ఆమె ఇక ఆగలేకపోయింది.

"ఏం నాయనా, నా పేరు రాసినావంట."

"పేరు రాయలే అక్కా. యూజర్ అని రాసిన."

"ఈ ఇంట్లో యూజరంటే నేనేనంట. సరే, మంట ఎర్రగా ఆడతాంటే దానికి ఊపిరి ఆడలేదని అర్థం. మా ఊర్లో ఏ ఆడమనిషినడిగినా చెప్తాది. పద్నాలుగు దినాల్లో నీకు బూడిద తీసేది చెప్పలేదా?"

"అది మెయింటెనెన్స్ అక్కా. మాది సెట్టింగ్స్."

ఈ జవాబులోని శాఖాపరమైన స్పష్టతను ఆమె గ్రహించలేకపోయింది. చల్లారిన పొయ్యి తలుపు తీసి, గుళికలు కాలే ఇనుప గిన్నెను బయటికి లాగింది. గాలి రావలసిన చిల్లులన్నీ చిట్టెం కట్టి పూడుకుపోయాయి. కబాబు చువ్వ తెచ్చి ఒక్కొక్కటే పొడిచింది. గుళికలను పిండి జల్లెడలో జల్లిస్తే అర బకెట్ పొట్టు రాలింది.

"ఇప్పుడు మేత తగ్గించు, గాలి పెంచు," అంది.

ఫారూఖ్ గుళికలను రెండుకు దించాడు, గాలిని నాలుగుకు ఎక్కించాడు. అయిదు నిమిషాల్లో మంట పసుపు పచ్చగా, నిటారుగా లేచింది. గాజు తేటపడసాగింది. ఫారూఖ్ రిపోర్టు కాగితం బయటికి తీశాడు.

"అక్కా, ఇది రిపోర్టుల ఎట్ల రాయాలె? బూడిద అని రాస్తే మొదటి రిపోర్టు తప్పయితది. నా నౌకరి పోతది."

"నీకు తోచినట్టు రాసుకో నాయనా. పొయ్యి నువ్వే బాగుచేసినావని రాసుకో. తప్పు మాత్రం నా మీద నుంచి తీసెయ్. నా బిడ్డ కానుపు దగ్గర పడింది."

ఫారూఖ్ తల వంచుకుని కొత్త నివేదిక రాశాడు. తప్పిదం రియాద్ వాతావరణానిదని తేలింది. "ఉన్నత శ్రేణి హస్త విధానం" ద్వారా తాను దాన్ని సరిదిద్దాడు. వాతావరణానికి పూచీ పడే కఫీల్ లేడు, దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు లేదు. కాబట్టి ఎవరూ దాన్ని పిలిచి అడగలేదు.

ఆ శుక్రవారం మజ్లిస్‌లో అబూ నాసిర్ "ఇంజనీరు" ఫారూఖ్‌ను సత్కరించాడు. శాస్త్రానికి జయం పలికాడు. మునిరత్నమ్మ అందరికీ గహ్వా కాఫీ పోసింది. మర్నాడు రీ-ఎంట్రీ కాగితం చేతికొచ్చింది.

కాన్పుకు రెండు రోజుల ముందు ఆమె ఇల్లు చేరింది. ఆడపిల్ల. ఇక్కడ రియాద్‌లో పొయ్యి అయిదో రోజుకే మళ్లీ ఆగింది. ముగ్గురు ఇంజనీర్లు వచ్చి సెట్టింగులు మారుస్తూనే ఉన్నారు. చువ్వ ఎవరి శాఖ కిందికి వస్తుందో ఇంకా తేలలేదు. ఫారూఖ్ మాత్రం ప్రమోషన్ మీద జెద్దా వెళ్లాడు. ఆ హస్త విధానంపై కొత్తవారికి శిక్షణ ఇస్తున్నాడట.

ఇంతవరకు చదివి నవ్వుకున్న పాఠక మహాశయులకు ఒక చిన్న ప్రశ్న. పొద్దున మీ టీ కాగిన స్టవ్‌ను నిన్న ఎవరు తుడిచారు? పేరు చెప్పండి. "పనమ్మాయి" అన్నది పేరు కాదు.