పట్టి వదిలేయడంలోని పరమానందం

చేపను తినేవాడికి చేప విలువ తెలియదు. ఈ మాటకు మీరు నన్ను ఎగాదిగా చూస్తారని తెలుసు. చూడండి. కృష్ణా జిల్లాలో పుట్టి, చేపల పులుసుతో పెరిగి, సూరత్ వచ్చి హజీరాలో ఇంజనీరుగా స్థిరపడిన రామలింగేశ్వరరావు అనే నేను బాగా ఆలోచించే అంటున్నాను. చేపను పట్టాలి, కళ్లారా చూడాలి, వదిలేయాలి. అదీ నాగరికత!

విదేశాల్లో ట్రౌట్ అనే చేప ఉందట. పెద్ద పెద్ద దొరలు రబ్బరు ప్యాంట్లు తొడుక్కుని, చిన్న వాగుల్లో నడుము లోతున నిలబడి, దాన్ని పట్టి, ముద్దాడి, ఫొటో దిగి, మళ్లీ నీళ్లలో వదిలేస్తారు. దీన్ని క్యాచ్ అండ్ రిలీజ్ అంటారు. యూట్యూబ్‌లో ఆ వీడియో చూశాక నా జన్మకు ఒక అర్థం దొరికింది. వెంటనే ఆన్‌లైన్‌లో కార్బన్ ఫైబర్ గాలం తెప్పించాను.

కిట్టనివాళ్లు వేరే కారణం చెబుతారు. మా అపార్ట్‌మెంట్ సొసైటీలో అందరూ శాకాహారులు కాబట్టి, మా వంటింట్లో చేప వండే దిక్కు లేదు కాబట్టి, గతిలేక వదిలేస్తున్నానట. ఎంత సంకుచితమైన ఆలోచన!

నిజమే, ఫ్లాట్ కొనేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. నిజమే, మా ఆవిడ పద్మిని ఒకసారి నాలుగు ఎండుచేపలు వేయిస్తే, పై అంతస్తువాళ్లు దిగొచ్చి గ్యాస్ లీకవుతోందేమో చూసుకోమన్నారు. అప్పటినుంచీ మా ఇంట్లో పులుసంటే బెండకాయ పులుసే. ఒకరోజు ఆ ముక్కను చేత్తో పట్టుకుని, "దీనికి ఒక్క ముల్లుంటే ఎంత బాగుండేదో కదండీ," అంది. అయినా క్రీడ క్రీడే.

మా వాగు సూరత్ శివార్లలోని భేస్తాన్ అవతల ఉంది. ఇక్కడివాళ్లు ఖాడీ అంటారు. ఊళ్లోకి దిగాక దాని రంగు గురించి మాట్లాడుకోకపోవడమే మర్యాద. ఊరు తగలకముందు మాత్రం నీళ్లు నీళ్లలాగే ఉంటాయి. టికెట్ లేదు, గేటు లేదు, అడిగేవాడు లేడు. ఆదివారం ఆదివారం పద్మినిని భేస్తాన్‌లో వజ్రమ్మ ఇంటి దగ్గర దించి అక్కడికి వెళ్తాను. వజ్రమ్మ వాళ్లది మరమగ్గాల మీద బతికే కుటుంబం, కరీంనగర్ వైపు వాళ్లు, వినాయకచవితి పందిట్లో పరిచయం. వాళ్లింట్లో ఆడవాళ్లంతా కూర్చుని పారాయణం చేస్తారట.

వజ్రమ్మ భర్త నరహరి కూడా వాగులోనే ఉంటాడు, నాకు కాస్త దిగువన, అడ్డంగా వల కట్టుకుని. పాపం, అతనికి క్రీడ తెలియదు. కానీ నేను చేపను వదిలినప్పుడల్లా పని ఆపి మరీ చూస్తాడు.

"సార్, జర మెల్లగ ఇడువుండ్రి. దానికి దెబ్బ తాకుతది," అంటాడు.

ఆ భూతదయకు ముచ్చటపడి, చేపను అతని దాకా మోసుకెళ్లి, అతని కళ్లముందే వదలడం అలవాటు చేసుకున్నాను.

ఈ కీర్తి మా సొసైటీకి పాకింది. నేను చేపల ప్రాణాలు కాపాడుతుండగా ఎవరో చూశారట! ప్రెసిడెంటు రమణీక్‌భాయ్ మీటింగు పెట్టి శాలువా కప్పారు. "రావ్‌సాబ్ తో బడే జీవదయావాలే హై," అని మైకులో చాటారు. దాంతో హోటల్లో చాటుగా తినే దారి కూడా మూసుకుపోయింది. జీవదయ గల మనిషి ఫిష్ ఫ్రై ముందు దొరికిపోతే ఏం బాగుంటుంది చెప్పండి?

పోయిన ఆదివారం కొర్రమీను పడింది. కొర్రమీనండీ! మూరెడుంది, నల్లగా నిగనిగలాడుతూ చేతుల్లో ఒకటే కొట్టుకుంది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఒక్క క్షణం కారు డిక్కీ వైపు చూశాను. పై అంతస్తు ముక్కులు గుర్తొచ్చి వదిలేశాను. నరహరి కూడా చలించిపోయినట్టున్నాడు, ఎన్నడూ లేనిది అప్పుడే వల చుట్టుకుని ఇంటిదారి పట్టాడు.

కాసేపటికి వాన మొదలైంది. నేనూ పెందలాడే వజ్రమ్మ ఇంటికి బయలుదేరాను. సందు మొదట్లోనే వాసన తగిలింది. గుమ్మంలోకి వెళ్లి చూద్దును కదా, పద్మిని నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. ఆమె కంచంలో కొర్రమీను తలకాయ.

"అది నా చేప," అన్నాను.

"మీరు వదిలేశారు కదండీ," అంది తల ఎత్తకుండా. "వదిలేశాక మీదేముంది?"

"ఎన్నాళ్లనుంచి ఈ పారాయణం?"

"మీరు గాలం కొన్నప్పటినుంచి."

వజ్రమ్మ గబగబా వచ్చి, నేను చూసి బాధపడకూడదని పులుసు దాక మీద మూత పెట్టేసింది. "మీరు తినరంట గద సార్. శాలువ గూడ కప్పిండ్రని పద్మినమ్మ చెప్పింది. జర కూసోండ్రి, మీకు పప్పు ఏడి జేస్త."

అప్పుడైనా నోరు విప్పాల్సింది. శాలువా మోసిన భుజాలు కదా, పరువు అడ్డొచ్చింది. పద్మిని ముల్లు ముల్లూ ఏరుకుని తింటుంటే, ఎదురుగా కూర్చుని పప్పన్నం తిన్నాను.

అంచేత పాఠకులకు ఒక మనవి. భేస్తాన్‌లో ఎవరిదైనా గది ఖాళీగా ఉంటే కబురు పెట్టండి. కిటికీ లేకపోయినా, గోడ పక్కనే మగ్గాలు మోగుతున్నా ఫర్వాలేదు. పొయ్యి పెట్టుకోనిస్తే చాలు. ఉండటానికి నాకు సొంత ఫ్లాటు ఉంది. తినడానికే ఇల్లు లేదు.