డబ్బాను పలకరించి చంపారు

జల మండలి పెద్దలారా, మా పైవీధికి నీళ్లు ఆపింది మీరే. హ్యాకరు కాదు, శత్రువు కాదు, వైరు కొరికిన ఎలక కూడా కాదు. మీరు. ఈ మాట మొహం మీదే చెబుదామని వస్తే, గేటు దగ్గర మీ కాపలావాడు నా సంచీ వెతికాడు. అందులో హ్యాకరు ఉన్నాడేమోనట. లేడని తేలాక కూడా లోపలికి వదల్లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. చదివేవాళ్లకు ఇదంతా తెలిసిందే. అయినా తెలియనట్టే చదవండి, మనకది అలవాటే కదా.

ఊరికి నీళ్లు తోడే పంపు హౌసులో ఒక ఇనుప బీరువా, బీరువాలో ఒక బూడిదరంగు డబ్బా ఉన్నాయి. నెట్‌వర్క్ స్విచ్చి అంటారు దాన్ని. కంట్రోల్ రూము మాట పంపులకు, పంపుల మాట కంట్రోల్ రూముకు చేరవేసేది అదే. పంపులు క్రమశిక్షణ గలవి. పైనుంచి మాట వినపడకపోతే ఏం ముంచుకొచ్చిందోనని వాటంతట అవే ఆగిపోతాయి. అప్పుడు దిగువ వీధులకు పైపుల్లో మిగిలింది కాసేపు కారుతుంది. ఎత్తు మీదున్న మా పైవీధిలో మాత్రం కుళాయి వెంటనే ఆవలిస్తుంది.

ఆ పైవీధిలోనే మా అక్క లాండ్రీ నడుపుతుంది. ప్రసూతి ఆసుపత్రి దుప్పట్లు ఉతికేది అక్కే. పొద్దున మాసినవి వస్తాయి, సాయంత్రానికి ఉడికించి, జాడించి, ఆరబెట్టి పంపాలి. ఒక్క పూట తప్పితే కాన్పయిన ఆడవాళ్లు ఒట్టి రెక్సిను పరుపు మీద పడుకోవాలి. పిల్లలు పుట్టడం వాయిదా వేసుకోమని మండలి ఇంకా ఉత్తర్వు ఇవ్వలేదు కాబట్టి అక్కకి రోజూ నీళ్లు కావాలి. మేం అడిగేది ఆ ఒక్కటే.

ఇక డబ్బా సంగతి. దానిలో ఒక లోపం ఉంది. తయారుచేసిన కంపెనీయే దాచకుండా చెప్పింది. ఎవరైనా వరసపెట్టి "ఎలా ఉన్నావు?" అని అడిగితే, అది మర్యాదగా ప్రతి ఒక్కరికీ జవాబు చెబుతుంది. చెప్పినప్పుడల్లా కొంచెం మెమరీ వాడుకుంటుంది, వాడింది ఖాళీ చేయడం మరిచిపోతుంది. అలా నిండిపోయి చివరికి మూగబోతుంది. కరెంటు పీకి మళ్లీ పెడితే తప్ప లేవదు. దీనికి మందు కూడా కంపెనీయే ఊరికే ఇచ్చింది. కొత్త సాఫ్ట్‌వేర్ వేయాలి, అందుకు పంపులు అరగంట ఆపాలి. డబ్బాను బయటి ఇంటర్నెట్టుకు తగిలించవద్దు. ఇంతే. మండలిలో ఇది అర్థం కానివాడు లేడు. చిక్కల్లా అక్కడే వచ్చింది.

ఎందుకంటే మండలిలో ఒక పాత పద్ధతి ఉంది. పంపు దానంతట అది ఆగితే అంతరాయం. మనిషి ఆపితే నిర్ణయం. అంతరాయానికి బాధ్యులు ఉండరు. నిర్ణయానికి సంతకం ఉండాలి. సెలవు కాగితాల మీద, టీ బిల్లుల మీద, మా ఫిర్యాదుల్ని ఈ గదిలోంచి ఆ గదికి తోలడం మీద సంతకాలు ధారగా కురిపించే చేతులు, "ఆపుటకు అనుమతి" అన్న మాట కింద పెట్టాల్సి వచ్చేసరికి కొంకర్లు పోయాయి. మండలి ఇంజనీరు అర్జీ రాసి పైకి పంపాడు. పైవాళ్లు "చర్చించండి" అని రాసి కిందికి పంపారు. ఆయన తనతో తానే చర్చించుకుని మళ్లీ పైకి పంపాడు.

ఈలోగా రక్షణ చర్యలు మాత్రం ముమ్మరంగా సాగాయని ఒప్పుకోవాలి. డబ్బాకు ముప్పు ఉందన్నారు గనక పంపు హౌసుకూ, పక్కనే ఉన్న మండలి కార్యాలయానికీ కలిపి ఉన్న ప్రహరీ ఎత్తు పెంచారు. గేటుకు "హ్యాకర్లకు ప్రవేశం లేదు" అని పెద్ద బోర్డు తగిలించారు. కర్ర ఇచ్చి కాపలావాణ్ణి నిలబెట్టారు. హ్యాకరు ఎలా ఉంటాడని అతను అడిగితే, ముసుగేసుకున్న మనిషి బొమ్మ చూపించారు. ఆ మర్నాడు వానకు తల కప్పుకుని వచ్చిన పైపుల మేస్త్రీని పట్టుకుని పొద్దుగూకేదాకా బల్ల మీద కూర్చోబెట్టాడు. మేస్త్రీ బాగుచేయాల్సిన పైపు అంతసేపూ రోడ్డు మీద పారుతూనే ఉంది. చొరబాటు ప్రయత్నాన్ని భగ్నం చేశామని మండలి ప్రకటన విడుదల చేసింది.

అక్కడితో ఆగి ఉంటే మాకు నీళ్లు వచ్చేవేమో. కానీ మండలి అధ్యక్షుల వారిది సున్నితమైన మనసు. డబ్బా ఆరోగ్యం తన కళ్లతో తానే చూసుకోవాలన్నారు. ఆయన గదిలో గోడ నిండా కంప్యూటరు తెర పెట్టారు. డబ్బా బాగుంటే పచ్చ లైటు, లేకపోతే ఎర్ర లైటు. ఆ లైటు వెలగాలంటే తెర క్షణక్షణం డబ్బాను "ఎలా ఉన్నావు?" అని అడగాలి. అధ్యక్షులకు ఉంటే ఉపాధ్యక్షులకు లేకపోతే ఎలా? ఆయనకొకటి. ఇంజనీరుకొకటి. జమాఖర్చుల విభాగం అలిగితే దానికొకటి. క్యాంటీనులో పెట్టింది పనివాళ్లలో స్ఫూర్తి నింపడానికట. ఇంట్లో భోంచేస్తూ కూడా చూసుకోవాలని అధ్యక్షుల వారు ముచ్చటపడితే డబ్బాను బయటి ఇంటర్నెట్టుకు తగిలించారు. దాంతో ఆయన బావమరిది, మండలితో ఏ సంబంధమూ లేని మనిషి, ఆ సంబంధం ఏర్పడ్డానికి తన ఇంట్లోనూ ఒకటి పెట్టించుకున్నాడు.

జ్వరంతో పడుకున్నవాడి చుట్టూ చుట్టాలు చేరి, తలా ఒకసారి తట్టిలేపి "నిద్రపట్టిందా నాయనా" అని అడిగితే ఏమవుతుందో డబ్బాకీ అదే అయింది. మూగబోయింది. తెరలన్నీ ఎర్రబడ్డాయి. ఎర్ర లైటు చూసిన పెద్దలందరూ బాధ్యత గలవాళ్లు కాబట్టి తెర మీది "ఎలా ఉన్నావు?" మీటను మరింత గట్టిగా, మరింత తరచుగా నొక్కారు.

పంపు హౌసులో డ్యూటీ చేసేది ప్లగ్గు బాబాయ్. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో. డబ్బా మూగబోతే ప్లగ్గు పీకి పెట్టడమే ఆయన పని. మండలి ఆయన సేవలను గుర్తించి హోదాను "పునరుద్ధరణాధికారి"గా పెంచింది. కూర్చోడానికి స్టూలు మాత్రం ఇవ్వలేదు. అక్క రోజూ ఆయనకే ఫోను చేసేది.

"బాబాయ్, దుప్పట్లకి సబ్బు పెట్టేశాను. ఇంకెంతసేపు?"

"పీకి పెట్టానమ్మా. లేస్తోంది. లేవగానే పైనుంచి అడుగుతున్నారు, మళ్లీ పడిపోతోంది."

"ఏమని అడుగుతున్నారు?"

"లేచావా అని."

అక్క నోటికి జడిసి మా వీధిలో కుక్కలు కూడా అవతలి పక్కనుంచి వెళతాయి. ఆవిడ చెంగు దోపుకుని, వీధిలో ఆడవాళ్లను వెంటేసుకుని, అధ్యక్షుల వారి గదికే వెళ్లింది. సంచుల్లేకుండా వెళ్లారు గనక కాపలావాడికి వెతకడానికి ఏమీ దొరకలేదు. అధ్యక్షుల వారు ఆప్యాయంగా కూర్చోబెట్టి, సమస్య మూలం పట్టుకున్నామని చెప్పారట. ప్రజలకు సమాచారం లేకపోవడమే మూలమట. నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియకపోవడం వల్లే నీళ్లు రాలేదన్న బాధ కలుగుతోందట. కనుక ఊళ్లో ప్రతి ఒక్కరి ఫోనులోకి ఒక యాప్ రాబోతోంది. నొక్కితే చాలు, పంపు హౌసు డబ్బానే నేరుగా జవాబు చెబుతుంది.

నిజం చెప్పాలంటే, అక్క వచ్చి ఈ సంగతి చెప్పగానే మేమంతా చప్పట్లు కొట్టాం.

ప్రారంభోత్సవం పంపు హౌసు ఆవరణలోనే పెట్టారు. వేదిక వెనక తెల్లటి మెత్తటి గుడ్డ మీద "నొక్కండి, తెలుసుకోండి" అని నీలం అక్షరాలు. అధ్యక్షుల వారు రిబ్బను కత్తిరించి మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా, ఇంతకాలం నీళ్ల గురించి మండలి మాత్రమే ఆందోళన పడేది. నేటినుంచి ఆ హక్కును మీకూ పంచుతున్నాం. ఇక మీకూ నీటికీ మధ్య ఎవరూ ఉండరు. అందరూ ఫోన్లు తియ్యండి. ఒకేసారి నొక్కుదాం."

నొక్కాం. ఊరంతా నొక్కింది. బీరువాలో డబ్బా చిన్నగా ఒకసారి మినుకుమని ఆరిపోయింది. పంపులు ఒకదాని వెంట ఒకటి నిట్టూర్చి ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ప్లగ్గు బాబాయ్ బీరువా వైపు పరిగెత్తడం అందరూ చూశారు. ఆయన పీకడం, పెట్టడం, జనం నొక్కడం, డబ్బా పడిపోవడం. మధ్యాహ్నం దాటిపోయింది. ఎవరూ ఇళ్లకు వెళ్లలేదు. ఇళ్లలో నీళ్లు లేవని యాప్ చెబుతుందేమోనని అక్కడే నిలబడి నొక్కుతున్నారు.

అక్క చేతులకు సబ్బు అలాగే ఎండిపోయి ఉంది. నేరుగా ఇంజనీరు దగ్గరికి నడిచింది.

"బాబూ, ఎలాగూ ఆగింది కదా. ఇప్పుడే ఆ కొత్త సాఫ్ట్‌వేరేదో వేసెయ్యండి. అరగంటేగా."

ఇంజనీరు మంచివాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించి చెప్పాడు. "వెయ్యకూడదమ్మా. అది అనుమతితో ఆగినప్పుడు వెయ్యాలి. ఇది అనుమతి లేకుండా ఆగింది. ఇప్పుడు వేశానంటే ఆగిందని నేను ఒప్పుకున్నట్టు అవుతుంది."

"మరి ఇప్పుడు ఆగలేదా?"

"అంతరాయం కలిగిందమ్మా. ఆగలేదు."

అక్క ఆయన్ని ఎగాదిగా చూసింది. తిట్టలేదు. అక్క తిట్టకపోవడం నేను చూడ్డం అదే మొదలు. వేదిక ఎక్కింది, "నొక్కండి, తెలుసుకోండి" గుడ్డను ఈ చివరనుంచి ఆ చివరకు లాగి, మడతపెట్టి చంకన పెట్టుకుంది. అధ్యక్షుల వారు ఫోను నొక్కుకోవడంలో ఉండి గమనించలేదు. ఆసుపత్రిలో ఆ గుడ్డను కత్తిరించి పరుపుల మీద పరిచారు. సాయంత్రం పుట్టిన ఆడపిల్లకు "తెలుసుకోండి" ముక్క వచ్చింది. వచ్చిన కాసేపటికే దాన్ని తడిపింది. ఆ పూట ఊళ్లో కొత్తగా తడిసిన గుడ్డ అదొక్కటే.

యాప్ ఘనవిజయం సాధించిందని మర్నాడు మండలి ప్రకటించింది. ఇంత ఆదరణ ఊహించలేదట, రెండో యాప్ తెస్తారట.

కానీ అక్క దగ్గర ఇప్పుడు వేదికలు లేవు, గుడ్డలు లేవు. దుప్పట్లు సబ్బులో నానుతూనే ఉన్నాయి. కాబట్టి పెద్దలారా, చెవులు రిక్కించి వినండి. అరగంట పంపులు మేమే ఆపుతున్నామని ఊరికి ముందే చాటండి. దాని కింద సంతకం పెట్టండి, ఆ పేరు జనానికి కనపడేలా పెట్టండి. కొత్త సాఫ్ట్‌వేర్ వేయండి. బయటికి వెళ్లే ఆ తీగ పీకేయండి. గోడల మీది తెరలన్నీ దించండి, బావమరిది ఇంట్లోదానితో సహా.

పైవీధివాళ్లారా, దిగువ వీధివాళ్లారా, మీకూ ఒక మాట. తిట్టుకుంటూనే ఆ యాప్ నొక్కుతున్నారని నాకు తెలుసు. ఇది చదువుతూ మధ్యలో ఒకసారి నొక్కే ఉంటారు. దాన్ని ఇప్పుడే తీసేయండి. రేపు పొద్దున మండలి కార్యాలయం ముందు కూర్చుందాం, సంతకం పడేదాకా లేవొద్దు. ఫోన్లు ఇంట్లో పెట్టి రండి.