గిడియన్ సారు వత్తులు

ఆ సోమవారం పొద్దున గిడియన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. భార్య షెర్లిన్ డ్యూటీకి వెళ్ళగానే బాల్కనీ తలుపు వేసుకుని ఈ-సిగరెట్టులో మాడిపోయిన వత్తి మార్చాలి, రెండు దమ్ములు లాగి మైత్రీవనంలో క్లాసు చెప్పి రావాలి, సాయంత్రం తమ ఇంట్లోనే జరిగే ప్రార్థన కూడికలో తాను సిగరెట్టు మానేసిన వైనం గురించి సాక్ష్యం చెప్పాలి. మొదటి పనికీ చివరి పనికీ ఎక్కడో పేచీ ఉందని అతనికి తోచకపోలేదు. కానీ ఆ పేచీ గురించి ఆలోచించినప్పుడల్లా దమ్ము కొట్టాలనిపించేది.

నిజం చెప్పాలంటే అతని సాక్ష్యంలో అబద్ధం ముక్కయినా లేదు. పిల్లనిచ్చేముందు అత్తగారు జ్ఞానకుమారి పెట్టిన ఒకే ఒక్క షరతు సిగరెట్టు మానాలని. మానేశాడు. అప్పట్నుంచి ఆవిడ ఏ ఇంట్లో కూడిక జరిగినా అల్లుణ్ణి నిలబెట్టి సాక్ష్యం చెప్పిస్తోంది. ఆర్నెల్ల కిందట ఈ ఎలక్ట్రానిక్ గొట్టం చేతికొచ్చిన సంగతి సాక్ష్యంలోకి ఎక్కలేదు, అంతే.

ఎటొచ్చీ షెర్లిన్ ముక్కుతోనే చిక్కు. ఆమె పంజాగుట్టలో ఒక ఆస్పత్రిలో నర్సు. "ఏవండీ, నవంబర్లో మనింట్లో మామిడిపండు వాసనేంటండీ?" అని ఒకరోజు అడిగింది. గొట్టంలో పోసే లిక్విడ్‌ది మామిడి రుచి. "సీజనే కాదు కదా షెర్లీ. నీ ముక్కులోనే ఏదో తేడా ఉంది, చూపించుకో" అన్నాడు గిడియన్. ఆ అమాయకురాలు నమ్మింది. ముక్కు డాక్టరుకి చూపించుకుని, రెండు పూటలా తల వెనక్కి వాల్చి చుక్కలు వేసుకుంటోంది. ఆ చుక్కల సీసా కంటబడ్డప్పుడల్లా గిడియన్‌కి తల కొట్టేసినట్టయ్యేది. ఆ బాధ పోగొట్టుకోవడానికి బాల్కనీలోకి వెళ్ళేవాడు.

ఇక ఆ గొట్టం సంగతి. లోపల చిన్న తీగచుట్ట, దాన్నే కాయిల్ అంటారు. దాని కడుపులోంచి దూర్చిన దూది వత్తి ట్యాంకులోని లిక్విడ్‌ని పీల్చుకుంటుంది, తీగ వేడెక్కితే పొగొస్తుంది. వత్తి మాడిందంటే నోట్లో చెప్పు కాలిన రుచి. దేశంలో ఈ సరుకే నిషేధం కనుక, పంజాగుట్టలో సెల్‌ఫోన్ కవర్ల మాటున కాయిళ్ళు అమ్మే మనిషి పత్తా లేకుండా పోయాడు. అందుకని గిడియన్ పాత కాయిల్‌నే శుభ్రం చేసి, వీడియోలు చూసి, సొంతంగా దూది కూరుకోవడం నేర్చాడు. ఆ దూది అటక మీది క్రిస్మస్ పెట్టెలోది. యేసు పుట్టిన గుర్తుగా పండక్కి ఇంట్లో కట్టే బుల్లి పశువులపాక మీద మంచు కురిసినట్టు పరచడానికి షెర్లిన్ ప్రాణంగా దాచుకున్న దూది. చిటికెడు చిటికెడు తీసుకుంటే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాడు. ఆ పొద్దున పెట్టె తెరిస్తే అడుగున చమ్కీ పొడి తప్ప ఏమీ లేదు. డిసెంబరు ఇంకా రాలేదు కదా అని ధైర్యం చెప్పుకుని మూతపెట్టి, కిందికి దిగాడు.

కింది వాటాలో టైలర్ శివరాములు భార్య కాంతవ్వ గడపలో కూర్చుని వత్తులు చేస్తోంది. తెల్లటి పత్తి, ఒక్క గింజ లేదు, ఒక్క నలక లేదు. సిరిసిల్ల నుంచి చెల్లెలు పంపిన పత్తి. గిడియన్‌కి నోరూరింది.

"అమ్మా, జర పత్తి ఇస్తరా?"

"పత్తెందుకు సారూ? చెవి గిట్ల నొస్తుందా?"

చెవి నొప్పి అంటే షెర్లిన్ ఈసారి తననే డాక్టరు దగ్గరికి నడిపిస్తుంది. "కాదమ్మా, ఊర్కెనే. గీ వత్తులైనా మంచిదే. సన్నగ మస్తున్నయి."

"వత్తులా? మీకా?"

"మా ఆమెకు చెప్పకుండ్రి. మా అత్తమ్మకైతే అస్సలే చెప్పొద్దు."

కాంతవ్వ చేతిలో పత్తి అట్లాగే ఆగిపోయింది. కార్తీక సోమవారం. పొద్దు పొద్దున్నే చర్చికి పోయే సారు. పెళ్ళానికి తెలవకుండా వత్తులు. ఆమెకి కళ్ళు చెమర్చాయి. ఏ మొక్కు ఉందో, ఎంత బాధ ఉందో, అడగడం మర్యాద కాదు. దోసెడు వత్తులు తీసి అతని చేతుల్లో పోసింది.

"ఫికర్ చెయ్యకుండ్రి సారూ. నా నోట్లెకెళ్ళి బయటికి పొక్కదు."

అన్నమాట నిలబెట్టుకుంది. మొగుడు శివరాములుకి తప్ప ఎవరికీ చెప్పలేదు. శివరాములు కూడా జాకెట్లకి కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

గిడియన్ పైకొచ్చి ఆత్రంగా పని మొదలెట్టాడు. వత్తి మరీ వదులైతే లిక్విడ్ కారిపోతుంది, మరీ బిగుతైతే లోపలికి పీల్చుకోదు. ఆర్నెల్ల అనుభవం అదే చెబుతోంది. కానీ వత్తులు దోసెడున్నాయి, అతనిది ఆశపోతు చెయ్యి. ఒకటి చాలేచోట రెండు దూర్చాడు. మీట నొక్కి లాగితే బుగ్గలు లోపలికి పోయాయి కానీ పొగ రాలేదు. క్లాసుకి వేళ మించిపోతోంది. గొట్టం జేబులో వేసుకుని, మిగతా వత్తులూ చిన్న పట్టకారూ తీగ ముక్కలూ టేబులు సొరుగులో తోసి పరుగెత్తాడు. మైత్రీవనంలో అతను చెప్పేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. తప్పులు ముందే పట్టుకోవడం ఎలాగో ఆ రోజంతా పిల్లలకి చెప్పాడు.

ఇక్కడ కాంతవ్వకి మనసాగలేదు. వత్తులైతే ఇచ్చాం, పాపం సారుకి ప్రమిదలెక్కడివి? రెండు ప్రమిదలు, నూనె సీసా, అగ్గిపెట్టె ఒక కవర్లో పెట్టి పైవాటా తలుపు గొళ్ళానికి తగిలించింది.

మధ్యాహ్నం ఎస్.ఆర్. నగర్ నుంచి జంపఖానాలూ సమోసాలూ పట్టుకుని జ్ఞానకుమారి వచ్చింది. కవరు చూసింది. తెరిచింది. ఎవరో పొరపాటున తగిలించారేమోనని మంచి మనసుతోనే అనుకుంది. తన దగ్గరున్న తాళంచెవితో లోపలికెళ్ళి, పాటల పుస్తకం కోసం సొరుగు లాగింది. వత్తుల కుప్ప. పట్టకారు. సన్నగా చుట్టలు చుట్టిన తీగ, అచ్చం తాయెత్తులకి కట్టేలాంటిది. ఆవిడ ఉన్నపళంగా జంపఖానా మీద కూలబడి పాస్టరు కృపావరంగారికి ఫోన్ చేసింది.

"అయ్యగారూ, నా అల్లుడు మనకి దక్కకుండా పోతున్నాడండీ!"

సాయంత్రం గిడియన్ వచ్చేసరికి హాలు నిండా జనం. ఎవరూ మొహం చూడటం లేదు. డ్యూటీ నుంచి వచ్చిన షెర్లిన్ గోడకానుకుని కూర్చుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దొరికిపోయానని అతనికి అర్థమైంది.

"బాబూ, ఎన్నాళ్ళనుంచి?" అన్నారు పాస్టరుగారు మెత్తగా.

"ఆర్నెల్లనుంచండీ."

"రోజూనా?"

"పొద్దునా సాయంత్రం. బాల్కనీలో."

జ్ఞానకుమారి చెంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఎవరు నేర్పారయ్యా నీకు?"

"వీడియోలు చూసి నేనే నేర్చుకున్నానత్తయ్యగారూ."

పాస్టరుగారు నిట్టూర్చి, కవర్లోంచి ప్రమిద తీసి అందరికీ చూపించారు. గిడియన్ దాని వంక తెల్లబోయి చూశాడు.

"ఇదేంటండీ?"

అప్పుడే ఏడుపులు విని కాంతవ్వ పైకొచ్చింది. ప్రమిద చూడగానే సంగతి గ్రహించి నడుం బిగించింది. "సారును ఎందుకు సతాయిస్తున్నరు? నేనే ఇచ్చిన. మనసుల ఏమున్నదో, దీపం వెట్టుకుంటుండు. దీపం వెడితే ఇల్లు కూలుతదా?"

జ్ఞానకుమారి గొల్లుమంది. గిడియన్‌కి అప్పుడు తెలిసింది, తన మీద పడ్డ నేరం ఏమిటో. నోరు మూసుకుంటే గొట్టం గుట్టు దక్కుతుంది. ఒక్క క్షణం ఆశ కూడా పుట్టింది. కానీ షెర్లిన్ గోడకి తల వెనక్కి వాల్చి, అలవాటుగా ముక్కులో చుక్కలు వేసుకుంటోంది. ఇక ఉండబట్టలేకపోయాడు.

"దీపం కాదండీ! నేను పొగ తాగుతున్నాను. ఆ వత్తులు దానికే!"

జ్ఞానకుమారి తల అడ్డంగా ఊపింది. "అబద్ధం. నా అల్లుడు సిగరెట్టు మానేసి ఏడాదైంది, ఈ సంఘమంతా సాక్షి. దీపం దాచడానికి ఇంత మాట అంటున్నాడు."

"నిజమండీ, ఇదిగో!" గొట్టం తీసి నోట్లో పెట్టుకుని శక్తికొద్దీ లాగాడు. చుక్కంత పొగైనా రాలేదు.

"చూశారా?" అందావిడ.

"వత్తి బిగుసుకుపోయింది! ఒక్క నిమిషం!"

ట్యాంకు మూత విప్పి కూర్చున్నాడు. చర్చి మైకు తనే బాగుచేసుకునే పాస్టరుగారు ఊరుకోలేక ఫోన్ లైటు పట్టుకుని వంగారు. "ఆ పక్క నుంచి లాగు బాబూ. తీగ కదలనియ్యకు." పాత వత్తులు పీకి, సాక్ష్యంగా పెట్టిన కుప్పలోంచి ఒక్కటి తీసి, సగం చీల్చి దూర్చాడు. కొసలు కత్తిరించి సర్దాడు. లిక్విడ్ నాలుగు చుక్కలు పోశాడు. "నానాలండీ" అన్నాడు. కూడికంతా ఊపిరి బిగబట్టి వత్తి నానేదాకా కూర్చుంది.

"ఇప్పుడు లాగు," అన్నారు పాస్టరుగారు.

లాగాడు. గుప్పున తెల్లటి పొగ సీలింగు ఫ్యానుదాకా లేచింది. హాలంతా బంగినపల్లి వాసన.

"స్తోత్రం!" అని అరిచింది జ్ఞానకుమారి, ఆనందబాష్పాలతో. "నా అల్లుడు పొగ తాగుతున్నాడు ప్రభువా! పొగే తాగుతున్నాడు!" జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ స్వయంగా అతని పళ్ళెంలో రెండు సమోసాలు ఎక్కువ వేసింది.

కాంతవ్వ మాత్రం వాకిట్లోనే కొయ్యబారిపోయింది. "నేను శివుని దీపానికి చేసిన వత్తులు నోట్లె వెట్టుకుంటవా? నిన్ను నమ్మి కండ్ల నీళ్ళు వెట్టుకున్న గదా బిడ్డా!" అని కవరు లాక్కుని దిగిపోయింది. గిడియన్‌కి ఆ రోజు అందరికంటే ఎక్కువగా ఆ మాటే గుచ్చుకుంది.

షెర్లిన్ లేచి వచ్చి చుక్కల సీసా అతని చేతిలో పెట్టింది.

"నా ముక్కు బాగానే ఉందన్నమాట."

"షెర్లీ..."

"నాకేదో జబ్బని రాత్రుళ్ళు భయపడ్డానండీ. ఇంకేమైనా దాచారా? ఇప్పుడే చెప్పెయ్యండి, క్షమించేస్తాను."

అడిగింది నిజంగా క్షమించే గొంతుతోనే. గిడియన్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఒట్టు షెర్లీ. ఇంకేమీ లేదు."

గొట్టం ఆ పూటే పాస్టరుగారి సంచీలోకి వెళ్ళింది. గిడియన్ ఈసారి నిజంగానే మానేశాడు. కాంతవ్వ ఇంటికి వెళ్ళి చేతులు జోడించి తప్పు ఒప్పుకున్నాడు. మూడు వారాలకి షెర్లిన్ కూడా మళ్ళీ నవ్వడం మొదలెట్టింది. డిసెంబరు మొదటి ఆదివారం చర్చి నుంచి వస్తూ, "ఈసారి పాక పెద్దగా కడదామండీ," అని అతని చెయ్యి పట్టుకుంది. ఇంటికి రాగానే స్టూలెక్కి, అటక మీద పెట్టె తనే దించుకుంది.

ఆ ఏడు వాళ్ళింటి పశువులపాక మీద మంచు కురవలేదు.