ఎదురుగా కూర్చుని కూడా రాలేదు

అన్యాయం ఎవరికి జరిగింది? నాకు. ఎక్కడ? రాజమహేంద్రవరంలో ఒక చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిలో. ఎలా? ఉదయం తొమ్మిదింటికి పేరు రాయించుకుని, ఒంటిగంటన్నర దాకా హాల్లో మొదటి వరస కుర్చీలో నిటారుగా కూర్చుంటే, రిజిస్టరులో నా పేరుకు ఎదురుగా ఎర్ర సిరాతో 'రాలేదు' అని రాశారు.

డెబ్బై నాలుగేళ్ళ మనిషిని. గంజి పెట్టిన నేత చీర కట్టుకుని, ఒళ్ళో ఫైలు, ఫైలు మీద గొడుగు పెట్టుకుని నాలుగున్నర గంటలు కూర్చున్నాను. నేను రాకపోతే ఆ కుర్చీలోకి వచ్చింది ఎవరు?

విచారించగా తెలిసినది ఇది. నన్ను పిలిచారట. నేను పలకలేదట. చెవులు వినబడటం లేదని వైద్యానికి వచ్చిన మనిషిని నోటితో పిలిచి, పలకలేదని తప్పు పట్టారు!

పాఠకులు తొందరపడి ఆసుపత్రిని నిందించవద్దు. నేను కాన్వెంటులో చదువుకున్నదాన్ని. ఎదుటి పక్షాన్ని విచారించకుండా తీర్పు చెప్పడం మాకు నేర్పలేదు. ఇంటికి వచ్చి, మజ్జిగ తాగి, నిదానంగా ఆలోచించాను. వినబడనివారిని నోటితో పిలిచే ఈ పద్ధతి వైద్యశాస్త్రానికే అలంకారమని, దీన్ని ఎవరూ ముట్టుకోకూడదని నాకు బోధపడింది. ఎందుకో మనవి చేస్తాను.

ఆ హాల్లో పేరు వినబడినవారే డాక్టరుగారి గదిలోకి వెళ్ళగలరు. వినబడనివారు హాల్లోనే ఉండిపోతారు. అంటే, డాక్టరుగారు చూసే ప్రతి మనిషికీ ఎంతో కొంత చెవి వినబడుతుందన్నమాట! లోపలికి వెళ్ళిన వారందరూ వినికిడి ఉన్నవారై బయటికి వస్తున్నారంటే, అంతకన్నా విజయవంతమైన వైద్యం ఈ దేశంలో ఇంకెక్కడైనా ఉందా?

పైగా ఈ పద్ధతిలో పక్షపాతం లేదు. చెవికి ఒక న్యాయం, గొంతుకు ఒక న్యాయం అనే మాటే లేదు. నా పక్క కుర్చీలో సూర్యప్రకాశం గారని కోనసీమ పురోహితులు ఒకరు కూర్చున్నారు. నలభై ఏళ్ళు మైకు లేకుండా పెళ్ళిళ్ళు చేయించి, స్వరపేటిక మీద కాయలు తెచ్చుకున్నారు. ఆరు వారాలు పెదవి కదపకూడదని, గుసగుస కూడా కూడదని డాక్టరుగారి ఆజ్ఞ. ఆయనకు చెవులు చక్కగా పనిచేస్తాయి. పేరు పిలవగానే విన్నారు. పలికితే గొంతు పోతుంది, పలకకపోతే వరస పోతుంది. ఆయన చెయ్యి ఎత్తారు. పిలిచేవాడు చూపు రిజిస్టరులో పెట్టి పిలుస్తాడు గనుక, ఆ చెయ్యి గాలిలో కొంతసేపు ఉండి ఒళ్ళోకి దిగిపోయింది.

ముక్కువారి సంగతి? తణుకులో బెల్లం వ్యాపారం చేసే వెంకటసుబ్బారావు గారి ముక్కు లోపలి గోడ ఒక పక్కకు వంగిపోయింది. దానికి తోడు నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుందట. రాత్రి నిద్ర పట్టక, పగలు ఎక్కడ కూర్చుంటే అక్కడ ఒరిగిపోతారు. తన పేరు పిలిచేసరికి ఆయన గురక పెడుతున్నారు.

చూశారా సమానత్వం? చెవి రోగికి వినబడదు. గొంతు రోగి పలకలేడు. ముక్కు రోగి నిద్రపోతున్నాడు. మూడు అవయవాలకూ సరిసమానంగా 'రాలేదు' అని రాసే రిజిస్టరును నేను మరెక్కడా చూడలేదు!

పిలిచే మనిషి పేరు విజయ్ పాల్. యాభై ఏళ్ళవాడు, మర్యాదస్తుడు. మూతికి మాస్కు ఉంటుంది గనుక పెదవుల కదలిక చూసి గ్రహించే అవకాశం లేదు. అతని తలకు సరిగ్గా పైన గోడ మీద 'నిశ్శబ్దం పాటించండి' అని బోర్డు. ఆజ్ఞను గౌరవించి అతను మెత్తగా పిలుస్తాడు. ఎదుటి గోడకు టీవీ. దానికి మటుకు ఆ బోర్డు వర్తించదు.

మొదటిరోజు నేను నిలదీస్తే అతను కోప్పడలేదు. రిజిస్టరు నా వైపు తిప్పి చూపించాడు.

"పిలిచానండి, అమ్మగారూ. ఒక్కసారే పిలవాలండి. పలక్కపోతే రాలేదని రాసెయ్యాలండి. రూలండి."

ఆ రూలు నాకు బాగా తెలిసినదే అనిపించింది. ఎక్కడిదో అప్పుడు గుర్తు రాలేదు.

మర్నాడు తలుపు పక్కనే నిలబడి, ఒక్కో పేరుకూ విజయ్ పాల్ కళ్ళలోకి చూస్తూ వైద్యం సంపాదించుకున్నాను. డాక్టరు నిరంజన్ గారు బుద్ధిమంతుడు. నన్ను మామ్మగారని పిలిచి, చెవిలో గులిమి రాయిలా గట్టిపడిందని, అయిదు రోజులు చుక్కలు వేసి మెత్తబరిస్తే మిషనుతో లాగేస్తానని చెప్పారు. లాగేశారు. తరువాత చప్పుడు చొరని చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు ఫోన్లు తగిలించి, కూత వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. సన్నని కూతలు నా దాకా రావడం లేదని గ్రాఫులో తేలింది. వయసుతో లోపలి నరాలు అరిగితే మందుల్లేవని, వినికిడి మిషను పెట్టుకోవలసిందేనని చెప్పారు. నెల తిరగకుండా మిషను నా కుడి చెవిలోకి వచ్చింది.

ఆ రోజునే అసలు విచారణ మొదలయింది.

డాక్టరుగారి గదిలో ఒక ఆచారం ఉంది. డాక్టరుగారు ఒకరిని చూస్తుండగా, తరువాతివారు ఇద్దరు గోడ పక్కన స్టూళ్ళ మీద కూర్చుంటారు. ఒకరి రోగం ఒకరు వినడానికి మన ప్రాంతంలో ఎవరికీ అభ్యంతరం ఉండదు. మిషను అమర్చుకుని నేను స్టూలు మీద కూర్చున్నాను. ఎదుట కుర్చీలో ఏడేళ్ళ పిల్ల, సహస్ర. వెనక, నా వయసే ఉన్న నాయనమ్మ.

పిల్ల క్లాసులో మాట వినడం లేదని, పిలిస్తే పలకదని, పొగరని టీచర్లు డైరీలో రాస్తున్నారట. డాక్టరుగారు చెవిలోకి లైటు వేసి చూసి, కర్ణభేరి వెనక నీరు చేరిందన్నారు. ముక్కు వెనక కండ ఉబ్బి, ముక్కు నుంచి చెవికి వెళ్ళే సన్నని దారి మూసుకుపోయిందట. మూడు నెలలు చూస్తారు. నీరు ఇంకకపోతే కర్ణభేరిలో చిన్న గొట్టం అమర్చి, అవసరమైతే ఆ కండ కూడా తీసేస్తారు. జలుబు చేసిన రోజున వినబడదు, తగ్గిన రోజున వినబడుతుంది. నిన్న పలికిన పిల్ల ఇవాళ పలక్కపోతే అందరూ పొగరనుకుంటారు, తప్పు పిల్లది కాదని ఆయన గట్టిగా చెప్పారు. నాయనమ్మకూ వినికిడి తక్కువగా ఉన్నట్టు గమనించి, ఆవిడ పేరున కూడా ఒక ఫైలు రాయించి, పరీక్షకు హాల్లో కూర్చోమన్నారు.

నాయనమ్మ నవ్వింది.

"నాకూ చిన్నప్పుడు ఇదేనండి, డాక్టరుగారూ. కాన్వెంటులో బెంచీ మీద కూర్చుని ఉండగానే ఆబ్సెంటు వేసేవారు. లీడరు పిల్ల ఒకతె ఉండేది, సత్యలక్ష్మి అని. మహా నిక్కచ్చి. ఒక్కసారే పిలిచేది."

పాఠకులారా, ఎంతో ఖర్చుపెట్టి, ఎంతో ఓర్పుతో సంపాదించుకున్న మిషను నా చెవిలో స్పష్టంగా వినిపించిన మొట్టమొదటి సంగతి, నా మీద అభియోగం.

రూలు ఎక్కడిదో అప్పుడు గుర్తు వచ్చింది. నాదే. అరవై ఒక్క ఏళ్ళ కిందట, ఎనిమిదో తరగతిలో, సిస్టర్ బెనడిక్టా రిజిస్టరు నా చేతికిచ్చి పేర్లు పిలవమన్నప్పుడు నేను పెట్టినది. రెండోసారి పిలిస్తే క్రమశిక్షణ చెడుతుందని వాదించి ఒప్పించాను. వెనక బెంచీలో మాణిక్యాంబ, అంటే ఈ నాయనమ్మే, నా వైపే చూస్తూ కూర్చునేది. పలికేది కాదు. నేను రాసేదాన్ని. పదకొండు సార్లు రాశాను. సిస్టరు ఆమెను గోడవైపు తిప్పి నిలబెట్టిన ప్రతిసారీ న్యాయం జరిగిందని సంతోషించాను.

నన్ను ఆమె గుర్తుపట్టలేదు. నేను చెప్పలేదు. నా పరీక్ష ముగించుకుని హాల్లోకి వచ్చి, ఆమె వెనక వరసలో కూర్చున్నాను.

విజయ్ పాల్ తరువాతి పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. మొదటి పేరు ఏసురాజు. ఎవరూ కదల్లేదు. నేను లేచి నిలబడ్డాను.

"ప్రెజెంట్" అన్నాను.

హాలంతా తిరిగి చూసింది. వినబడినవారు, అంతే. ప్రతివారి ఒళ్ళోనూ ఫైలు ఉంటుంది, ఫైలు మీద పెద్ద అక్షరాల్లో పేరు ఉంటుంది. వరసలన్నీ తిరిగి చదివాను. మూడో వరసలో, మండపేట రైసుమిల్లులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి ఆ హోరుకు చెవులు అప్పగించిన ఏసురాజు దొరికాడు. భుజం తట్టి లోపలికి పంపించాను. తరువాత సూర్యప్రకాశం గారు. చెయ్యి ఎత్తి ఉన్నారు గనుక వెతకవలసిన పని పడలేదు. వెంకటసుబ్బారావు గారిని గొడుగు కొసతో లేపవలసి వచ్చింది. అది గౌరవంగానే చేశాను.

నాలుగో పేరుకు విజయ్ పాల్ నా దగ్గరికి వచ్చి, ఒకరి పేరుకు మరొకరు పలకడం రూలు కాదని వినయంగా చెప్పాడు.

"ఆ రూలు పెట్టింది నేనే, నాయనా. ఇప్పుడు నేనే తీసేస్తున్నాను" అన్నాను.

అతనికి ఏమీ అర్థం కాలేదు. మళ్ళీ వెళ్ళి పిలిచాడు.

పది పేర్లు అయ్యాయి. పదకొండో పేరు మాణిక్యాంబ. ఆమె మనవరాలి జడ సవరిస్తోంది, తల ఎత్తలేదు. ఆ పిల్లకూ వినబడలేదు. నేను లేచాను. "ప్రెజెంట్" అని, వెళ్ళి ఆమె భుజం మీద చెయ్యి వేశాను.

ఆమె నా వైపు చూసింది. తరువాత నా చంకలోని ఫైలు చూసింది. అక్కడ నా పేరు ఉంది. చాలాసేపు చదివింది.

"ఏమే, ఇందాకటినుంచీ ఊరందరి పేర్లకూ లేస్తున్నావు. ఏంటిది?"

ఆమెకు అందేటట్టు చెవి దగ్గరికి వంగి చెప్పాను. నేను వేసిన ఆబ్సెంట్లు పదకొండు, పదకొండూ తీర్చేశాను అని.

"పన్నెండు" అంది.

"పదకొండే. రిజిస్టరు రాసింది నేను."

"లాంచీ రేవులో రాసుకున్న చీటీ రిజిస్టర్లో అంటించావా?"

నేను కూర్చున్నాను. కాన్వెంటువారు మమ్మల్ని పాపికొండలకు తీసుకువెళ్ళిన రోజు. తెల్లవారి మంచు. పేరు పిలిచినవారు పిలిచినట్టు లాంచీ ఎక్కాలి. నేను చీటీ చూస్తూ ఒక్కసారే పిలిచాను. ఆమెకు ఆ వారమంతా జలుబు. రెండో లాంచీ కోసం నిలబడిన చిన్న తరగతి పిల్లల వరసలో చేరి, తన పేరు ఇంకా రాలేదనుకుంది. అది చిన్నపిల్లల లాంచీ అని వాళ్ళూ ఎక్కించుకోలేదు. టిఫిను డబ్బాలో పులిహోరతో రేవు మెట్ల మీద సాయంత్రం దాకా కూర్చుందట. మేము తిరిగి వచ్చేసరికి అక్కడే ఉంది. నేను చూశాను. ఏమీ అడగలేదు.

ఇంతసేపూ ఆ ఆసుపత్రి పద్ధతిని పొగిడాను. ఇప్పుడు నా తీర్పు వినండి. మిఠాయి కొట్టులో వెలుగుతున్న అంకెల బోర్డు ఉంది. బ్యాంకులో ఉంది. చెవుల ఆసుపత్రిలో మాత్రం లేదు. ఎందుకు లేదు? వినబడకపోవడం రోగమని డాక్టరుగారి గదిలోనే ఒప్పుకుంటాం. గడప దాటితే అది పొగరు, అజాగ్రత్త, గైరుహాజరు. పలకనివాడి తప్పే తప్ప పిలిచినవాడి తప్పు అనేది లోకంలో లేదు. లేదని మొదట రాసినవాళ్ళలో నేనూ ఒకతెను. బోర్డు పెట్టండి. పెట్టేదాకా రిజిస్టరు మీది చూపు ఎత్తి, లేచి వెళ్ళి, భుజం తట్టండి. డాక్టరు నిరంజన్ గారికి ఇదే రాసి ఇచ్చాను. బోర్డు ఇంకా రాలేదు గాని, విజయ్ పాల్ ఇప్పుడు హాల్లోకి నడిచి వచ్చి పిలుస్తున్నాడని విన్నాను. అవును, విన్నాను.

పోయిన ఆదివారం నేను, మాణిక్యాంబ గండిపోచమ్మ దగ్గర లాంచీ రేవుకు వెళ్ళాము. పులిహోర నేను చేశాను. ఆమె చెవిలో కొత్త మిషను ఉంది. లైఫ్ జాకెట్లు తొడిగించి, ఒక ఆయన ప్రయాణికుల జాబితా చూసి, ఇంజను హోరులో ఒక్కో పేరూ పిలుస్తున్నాడు. ఒక్కసారే పిలుస్తున్నాడు.

మాణిక్యాంబ పేరు వచ్చింది. నేను అలవాటుగా లేవబోయాను. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, తానే లేచి నిలబడింది.

"ప్రెజెంట్, సిస్టర్" అంది.

జాబితా ఆయన బిత్తరపోయి, "సరేనండి, ఎక్కండి" అన్నాడు. ఆమె ఎక్కింది. నేను ఆమె వెనక ఎక్కాను.