జయరామ డ్రమ్ములో పురుగులు

ఆడి నెలలో వచ్చే మూడో ఆదివారం పెరియపాళయం భవానమ్మకు మొక్కు చెల్లించాలని, సోమవారం పొద్దున్నే కోడిపుంజు కాలికి పసుపు గుడ్డ కట్టబోయాడు నటరాజు. పుంజు లేదు. మోకాలి నొప్పి తగ్గితే ఇస్తానని నటరాజు మొక్కుకున్న పుంజు అది. నొప్పి తగ్గింది, మొక్కు తప్పితే అమ్మవారు రెండో మోకాలు కూడా పట్టుకుంటుంది.

అమ్మవారికి వదిలిన కోడిని కట్టేయకూడదు. కాబట్టి ఆర్.కె.పేటలో అది తిరగని వీధి లేదు. అయినా నటరాజు నేరుగా వెనకింటి దొడ్లోకి నడిచాడు. అది కోళ్ళు పెంచే బామ్మర్ది జయరామది. అక్కడొక డ్రమ్ము, దాని నిండా లుకలుకలాడే పురుగులు, అంచున తన పుంజుదే ఎర్రటి ఈక!

"పోయి అడగరాదా?" అంది పెళ్ళాం వల్లియమ్మ.

"అడిగితే దొంగ నిజం చెప్తాడా? కోడిని కోసి ఆ డ్రమ్ములో పడేసినాడు, పురుగులు పట్టినాయి. సాక్ష్యం కావాల."

"మా తమ్ముడు దొంగ కాదని తేలిందనుకో, ఇంక నీకు కూడు వండేది లేదు. చూసుకో."

నటరాజు తమ్ముడి కూతురు కవిప్రియ మద్రాసులో చదువుతోంది. పోలీసు కేసుల్లో శవాల మీద దొరికే పురుగుల డీఎన్ఏ చూసి, అవి ఏ ఈగ పిల్లలో చెప్పే చదువు. సెలవు ముగించుకుని ఆమె తిరుత్తణిలో రైలెక్కుతుంటే, నటరాజు పెళ్ళాం టిఫిన్ డబ్బాలో పురుగులు పోసుకుని పరుగెత్తాడు.

"కంటికి అన్ని పురుగులూ ఒకటే పెదనాయనా. డీఎన్ఏ చూస్తే ఏ ఈగదో తెలుస్తుంది. దాన్నిబట్టి ఎన్ని దినాల పురుగో చెప్పొచ్చు."

"చెప్పు పాపా. నాకు తప్ప ఇంకెవరికీ చెప్పొద్దు."

అన్న మనిషే తిరుగు బస్సులో ముగ్గురికి చెప్పాడు. సాయంత్రానికి జయరామ దొడ్డి పురుగులు శవాల ల్యాబుకు పోయాయని ఊరంతా పాకింది. మరి శవం ఎవరిది? ఊళ్ళో కనబడనిది ఇస్త్రీ బండి షణ్ముగం ఒక్కడే. గురువారం పోలీసులు దిగి దొడ్డి తవ్వుతుంటే, ఊత్తుకోట అత్తగారింటి నుంచి వచ్చిన షణ్ముగం గుంపులో నిలబడి, "ఎవరప్పా చచ్చింది?" అని అడిగాడు.

అప్పుడే కవిప్రియ నుంచి నటరాజుకు ఫోను వచ్చింది. పోలీసాయన స్పీకరు పెట్టమన్నాడు.

"పెదనాయనా, అది సోల్జర్ ఈగ పిల్ల. కుళ్ళిన కూరగాయల్లో పెరిగేది. అంత లావు కావాలంటే రెండు వారాలు పడుతుంది. నీ కోడి పోయింది నువ్వు డబ్బా ఇచ్చిన ముందు దినమే గదా?"

జయరామ తల గోక్కున్నాడు. "కోళ్ళ మేతకని నేనే పెంచతా ఉండా బావా. ఆదివారం నీ పుంజు వచ్చి డ్రమ్ము మీద పడింది. కుక్కలు తరమతా ఉంటే నట్టింట్లో గంపకింద మూసిపెట్టి, ఈ పురుగులే వేస్తా ఉండా."

"చెప్పలేదేం రా?"

"చెప్తే నేనే ఎత్తకొచ్చినానంటావని."

గంప ఎత్తాడు. పురుగులు కోడిని తినలేదు. కోడే నాలుగు రోజులుగా పురుగుల్ని తిని గుమ్మడికాయలా తేలింది. వల్లియమ్మ మొగుడి వైపు ఒక చూపు చూసి, తమ్ముడి వంటింట్లోకి పోయి పొయ్యి వెలిగించింది.

ఆదివారం ఖాళీ కడుపుతో, చంకలో పుంజుతో బస్సెక్కిన నటరాజుకు దాని బరువు చూసి ఒక్కటే అనుమానం: పరాయి కోడిని ఊరికే ఎవడు మేపుతాడు?