మూలకుళంలో దీర్ఘాల పరీక్ష

మూలకుళం తెలుగు కుటుంబాల సంఘం నిర్వహించిన మొదటి అక్షర వార్షికోత్సవం దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఒక పాప మాత్రం ఏడ్చింది. అదెలా జరిగిందో మనవి చేయవలసిన బాధ్యత సంఘ కార్యదర్శిగా నాది. నా పేరు ఆర్. నటేశన్.

పుదుచ్చేరిలో మేం తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నాం. పోట్లాటలు తెలుగులోనే. బస్సులో పక్కసీటు వాళ్ల గురించి చెప్పుకోవడం కూడా తెలుగులోనే. చదవడం, రాయడం అనే చిన్న పని మాత్రం మా పెద్దలు ఎందుకో మర్చిపోయారు. ఆ లోటు తీర్చాలని అధ్యక్షులు కె. పెరుమాళ్ గారు సంకల్పించారు. మేట్టుపాళయంలో ప్లాస్టిక్ బకెట్ల కంపెనీ నడిపే మనిషికి భాషాసేవకు తీరిక ఎక్కడిదని మీరు అడగవచ్చు. ఆయన తీరిక చేసుకోరు, తీరికే ఆయన్ని వెతుక్కుంటూ వస్తుంది.

పిల్లలకు ఆదివారం క్లాసు పెట్టాం. వార్షికోత్సవంలో పిల్లలు నలుగురి ముందూ చదివితే క్లాసు ఉంటుంది, లేకపోతే మూతపడుతుంది అని తీర్మానించాం. చిత్తూరు నుంచి కోడలిగా వచ్చిన పరిమళను టీచరుగా వేసుకున్నాం. ఆమెకున్న అర్హత చదవడం రావడమే. ఆ ఉద్యోగానికి పోటీ ఎవరూ రాలేదు.

పరిమళ పద్ధతి విచిత్రమైనది. పొట్టి అచ్చుకు వేలు ముడవాలి, దీర్ఘానికి చెయ్యి బారుగా చాపాలి. మెడకు వేలు, మేడకు చెయ్యి. నెలకు వేలు, నేలకు చెయ్యి. కె, కే, కై దగ్గరికి వచ్చేసరికి ఒకరి చెయ్యి ఇంకొకరి కంట్లో పడేది. తనిఖీకి వెళ్లిన కార్యవర్గం, పిల్లలు చేతులు బాగా చాపుతున్నారని సంతృప్తి వెలిబుచ్చింది. అంతకు మించి తనిఖీ చేయడానికి మాకు వీలు కాలేదు. పిల్లల్లో ఏడేళ్ల మహాలక్ష్మి ఒక మొండిఘటం. చదివింది సరే అని టీచరు చెప్పందే ఇంటికి కదిలేది కాదు.

వార్షికోత్సవం రోజు కల్యాణ మండపం నిండిపోయింది. పెరుమాళ్ గారు తమిళ అక్షరాల్లో రాసుకొచ్చిన తెలుగు ప్రసంగం చదివారు. "తెలుగు నా ఊపిరి! తెలుగు నా రక్తం!" అన్నారు. మా ప్రసంగాలన్నీ అలాగే రాసుకుంటాం, ఇందులో దాపరికం లేదు. వేదిక మీద ఉపాధ్యక్షులకే కుర్చీలు చాలలేదు గనక పరిమళను బోండాలు పొట్లాలు కట్టడానికి వంటగదికి పంపాం. టీచరే పరీక్ష పెడితే పక్షపాతం చూపిస్తుందని పరీక్షాధికారిగా అధ్యక్షులే నిలబడ్డారు.

ఆయన పరిమళ రాసిపెట్టిన అట్టముక్క ఒకటి పైకెత్తి చూపారు. మహాలక్ష్మి దాన్ని తేరిపార చూసింది. వేలు ముడిచింది, విప్పింది, చెయ్యి చాపింది. "మేడ" అంది. తర్వాత, ప్రతి ఆదివారం టీచర్ని అడిగినట్టే అడిగింది.

"సరిగ్గా చదివినానా తాతా?"

పెరుమాళ్ గారు అట్ట వైపు చూశారు. ఆ తర్వాత నా వైపు చూశారు. నేను కోశాధికారి ముకుందన్ వైపు చూశాను. ముకుందన్ ఫ్యాన్ వైపు చూశాడు. ఇంతలో వెనక ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. బతుకుజీవుడా అని అందరం అందుకున్నాం.

"చప్పట్లు కాదు తాతా. సరిగ్గా చదివినానా, లేదా?"

"తల్లీ, తల్లిభాషలో తప్పొప్పులు ఉండవు. ప్రేమ ఒక్కటే ఉంటుంది!" అన్నారు అధ్యక్షులు. చప్పట్లు ఇంకా పెరిగాయి.

మహాలక్ష్మి ముందువరసలో కూర్చున్న వాళ్లమ్మ కళైసెల్విని చూసి, "అమ్మా, నువ్వైనా చెప్పు" అంది. కళైసెల్వి కొంగు సర్దుకుంది. అప్పుడు పాప వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు గుండె పిండినట్టయింది. కార్యదర్శికి గుండె ఉండకూడదని నియమావళిలో ఎక్కడా లేదు. పరిమళ నూనెచేతులతో పరుగెత్తుకొచ్చేసరికి అధ్యక్షులు అట్టముక్క జేబులో పెట్టేసుకున్నారు. "పరీక్ష అయిపోయిందమ్మా. బోండాలు తీసుకురా" అన్నారు.

ఆ వారమంతా ఫిర్యాదులే. "ఇంట్లో గూడా అడగతా ఉంది నటేశన్నా" అని కళైసెల్వి వాపోయింది. "ఇది ఏంది, అది ఏందంటే నేను యాడికి పొయ్యేది?" తక్కిన తల్లిదండ్రులదీ అదే గోడు. పాప చదివేసింది గనక ఆశయం నెరవేరిందని ప్రకటించి క్లాసు మూసేశాం.

పరిమళ ఊరుకోలేదు. "పెద్దోళ్లకి నేర్పిస్తా సార్. తలుపు ఏసుకుందాం, ఎవురికీ తెలీదు" అంది. ఏకగ్రీవంగా ఆమోదించాం. సభ్యులు ఒక్కొక్కరే ఆమెను కలిసి, తమకు అవసరం లేదనీ, పక్కింటివాళ్లకు చాలా అవసరమనీ చెప్పి వచ్చారు. పెరుమాళ్ గారు నా పేరు సిఫారసు చేశారు. నేను ఆయన పేరు సిఫారసు చేశాను. మొదటి ఆదివారం మహాలక్ష్మి ఒక్కతే వచ్చి బల్ల మీద కూర్చుంది. అది పెద్దల క్లాసు కాబట్టి వెనక్కి పంపించేశాం.

ఇదంతా నేను చెప్తుంటే పరిమళ రాసిపెట్టింది. ఏం రాసిందో చూసుకునే వీలు నాకు లేదు, మంచిగానే రాసి ఉంటుంది. మీరు ఇంతదాకా చదివారు, సంతోషం. ఇప్పుడు మీ ఇంట్లో ఏడేళ్ల పిల్లనో పిల్లవాణ్నో పిలిచి ఈ వాక్యం చదవమనండి. పక్కింటి పిల్లను కాదు.